చెంచులక్ష్మి నావ పంపు విప్పిన దినము

వైశాఖము వెళ్లి జ్యేష్ఠము చొచ్చిన తొలిదినములలో వసిష్ఠాగోదావరి సముద్రమున గలియు చోట గాలి పూర్తిగా స్తంభించిపోవు నొక వారము వచ్చును. ఆ వారమున ప్రభాతభానుకిరణములు నదీముఖమును దాకిన క్షణమునుండియే యిసుకతిన్నెలు కాగ మొదలిడును. మడచెట్ల యాకులు కదలవు. దిగంతవిశాలమైన జలతలము నూనె పోసి తుడిచిన యద్దమువలె నిస్తరంగమై నిశ్శబ్దమై యుండును. కొంగలు సైతము ఎగురుటకు విసుగుచెంది యొంటికాలిపై నిలిచి తమ నీడలను తామే చూచుకొనుచుండును. నైరృతిపవనము రేపో మాపో వచ్చునని యందఱును చెప్పుకొందురు గాని యది యెవ్వరి మాటయు వినక తన యిష్టము వచ్చినప్పుడే వచ్చును. వేట నిషేధింపబడిన కాలమగుటచే పెద్ద మరబోట్లన్నియు నొడ్డునకు లాగబడి కడుపులు తెఱచుకొని యింజనులు వెలుపల బెట్టుకొని యాసుపత్రి వరండాలోని రోగులవలె వరుసగా పరుండి యుండును.

అట్టి యొక సప్తమినాటి యుదయమున చినమొగపాలె మను పల్లె రేవునందు నీటిపై దేలుచున్న పెద్దనావ యొక్కటియే కలదు. అంతర్వేది స్వామివారి దేవేరిపై గల భక్తిచే దానికి చెంచులక్ష్మి యని పేరిడిరి. ముప్పదియడుగుల నిడివియు నున్నతమైన చాపకొయ్యయు విశాలమైన తెఱచాపయు గల యా దారునిర్మితనౌక గాలి యున్న దినములలో చాపతోడను గాలి లేని దినములలో గర్భమునందలి నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజనుతోడను నడచుచుండును. దాని యజమాని మైల వీరలంకయ్య. నలువదికి లోపలి వయస్సు, త్రాళ్లు లాగి లాగి కాయలు కాచిన చేతులు, మాటకు ముందు నవ్వు వచ్చు స్వభావము. నదీముఖమున కావల సముద్రము నంటియున్న మొగలిదిబ్బ యను దీవిలోని ముప్పదిరెండిండ్ల వారికి మంచినీళ్లు చేరవేయుట యాతని పని. నిరుటి తుఫానునాడు ఉప్పెన దూఱి వారి యేకైకకూపము నోట బెట్టరానిదయ్యెను. పైపులు వేయింతుమని వచ్చి కొలతలు గైకొని కొబ్బరిబొండములు త్రాగి వెడలిన పెద్దమనుష్యుల జాడ మరల గానరాలేదు. అందుచే మూడుదినముల కొకమాఱు నలువది పీపాల నీరు చెంచులక్ష్మిపై వెళ్లినప్పుడే యా దీవిలో పొయ్యిమీద నెసరు పడును.

ఆ నెలయంతయు దక్షిణపుగాలి చక్కగా వీచుటచే వీరలంకయ్య డీజిలు మిగులుచున్నదని సంతసించి యింజనును ముట్టనేలేదు. అదియే యాతడు చేసిన తప్పు. సముద్రతీరమున ఇంజనును నిద్రపుచ్చినచో ఉప్పుచెమ్మ మేలుకొనును. అది టాంకిలో దూఱి డీజిలుతో గలసి ఫ్యూయలు పంపులోపలికి బోయి యచ్చట దన పని తాను చేసికొనుచుండెను. గాలి నిలిచిపోయిన నాడు హ్యాండిలు త్రిప్పగా నింజను రెండుమాఱులు దగ్గి యొకింత తెల్లపొగ విడిచి మిన్నకుండెను. ఆ విధముగా రెండు ప్రయాణములు తప్పిపోయెను. దీవినుండి దోనెలో వచ్చిన యొక జాలరి యిప్పుడింటి కొక్క బిందెకన్న నెక్కుడు నీరు లేదనియు పిల్లలకు సైతము గ్లాసుతో గొలిచి పోయుచున్నారనియు చెప్పి తన దోనెలో బట్టిన నాలుగు బిందెలు నింపుకొని వెడలెను.

మఱియొక చిక్కు కలదు. దీవిని జేరు పాయ మిక్కిలి లోతు తక్కువైనది. నిండుపోటున గాని బరువెక్కిన నావ దానిని దాటజాలదు. ఆ దినము మధ్యాహ్నము రెండున్నర గంటలకు పోటు నిండును. మఱునాటినుండి పోటు చప్పబడి మరల నైదాఱు దినముల వఱకు బలము పుంజుకొనదు. ఆ రెండున్నరలోపల నింజను నడచినచో దీవికి నీళ్లు చేరును, నడువనిచో చేరవు. వీరలంకయ్య మూడుదినములనుండి సరిగా నన్నము తినకపోవుట కిదియే కారణము.

ఇందు నిమిత్తమై తెల్లవాఱునప్పటికే నరసాపురమునుండి పంటుపై నది దాటి కాలేషా మేస్త్రి వచ్చెను. ఆయనకు డెబ్బదియేండ్లు. నెరసిన గడ్డము, దళసరి యద్దములు, చంకలో స్పానర్ల సంచి. కాకినాడనుండి బందరు వఱకు గల రేవులలో డీజిలుపంపు మొండికేసినచో ముందుగా దలచుకొను పేరు ఆయనదే. పని చేయునప్పుడు మేస్త్రి మాటలాడడు, మఱియొకని మాటలాడనీయడు. ఇంజనుతో ఆయన మౌనముగా నడపు సంభాషణమునకు అడ్డుపడిన వానిని అద్దముల మీదుగా నొక్క చూపు చూచును. ఆ చూపునకు మరబోట్లు నడపు పెద్దపెద్ద సరంగులు సైతము తగ్గి యొదిగి నిలుచుందురు.

మేస్త్రి నావలోనికి దిగి మొట్టమొదట డీజిలు కుళాయి కట్టెను. పంపు పైభాగమున బేరుకొనిన మసిని కుంచెతో కడిగెను. మురికి పైన నుండగా లోపల తెఱచుట యాయన దృష్టిలో మహాపాతకము. పిదప పంపునకును ఇంజనునకును కలియుచోట ఉలితో సన్ననిగీత యొకటి గీచెను. మరల బిగించునప్పుడు ఈ గీత ఆ గీతతో కలియనిచో డీజిలు పడవలసిన క్షణమున పడక ఇంజను వెనుకకు తన్నును. అనంతరము నాలుగు సన్నని యుక్కుగొట్టములను విప్పి వాని నోళ్లను శుభ్రమైన కాగితముతో మూసెను. విప్పిన ప్రతి నట్టును కన్నుల దగ్గఱకు దెచ్చుకొని చూచి సంచిలో వేయుచుండెను. ముదిమిచే చూపు మందగించినదని వీరలంకయ్య యనుకొనెను. కట్టకడపట నాలుగు బోల్టులు వదలి పంపును పసిబిడ్డను లేపినట్లు రెండుచేతుల లేపి వీరలంకయ్య కందిచ్చెను.

వీరలంకయ్య యింటిముందఱి తాటాకుపందిరి క్రింద చాపపై తెల్లగుడ్డ పఱచి పంపును విప్పిరి. చదువరులలో పంపుయొక్క గర్భము చూడనివారు పెక్కుమంది యుందురు గావున ఒకమాట చెప్పవలెను. అందు సిలిండరున కొకటి చొప్పున నాలుగు జంటలు కలవు. ప్రతిజంటలోను వ్రేలెడు ఉక్కుకడ్డీ యొకటి, ఆ కడ్డీ పైకి క్రిందికి నాడు ఉక్కుగొట్టము ఒకటి యుండును. ఆ రెంటి నడుమ తలవెండ్రుకలో నిరువదవవంతు సందు సైతము లేనట్లు ఒకదానికొకటి యొఱసి కుదిర్చి యుందురు. ఆ బిగువు వలననే డీజిలు నిప్పుకంటె వేగముగా చిమ్మబడును. చెంచులక్ష్మి పంపులో మూడవజంట తుప్పుపట్టి కఱచుకొని పోయి తక్కిన మూటిని గూడ కదలనీయక పట్టి యుంచెను. మేస్త్రి దానిని కిరసనాయిలులో నానబెట్టి వెదురుపుల్లతో సుతారముగా దట్టి దట్టి యూడదీసి మెత్తనిగుడ్డతో నర్ధగంటసేపు రుద్దెను. తుప్పు పోయెను గాని కడ్డీపైనను గొట్టము లోపలను నొక్కొక్క గోధుమరంగు మచ్చ మిగిలెను. పనికి వచ్చునని తలయూపెను.

ఆయనకొక యలవాటు కలదు. నాలుగు కొబ్బరిచిప్పలలో డీజిలు పోసి ఒక్కొక్క చిప్పలో నొక్కొక్క జంటను విడదీయక నానవేయును. ఆ విధముగా నాలుగు చిప్పలను వరుసగా నమర్చి,

"వీరలంకయ్యా, పైన బిగించడానికి రాగివాషర్లు నాలుగు కావాలి. ఒడ్డుమీదున్న బోట్లవాళ్లని అడిగి తెస్తా. ఈలోగా వీటిని ఎవ్వరూ ముట్టుకోకూడదు, నువ్వు కూడా" అనెను.

"అలాగే మేస్త్రీగారూ. నేను పీపాలు నింపుకొస్తా" నని వీరలంకయ్యయు పంచాయతీ కుళాయికడకు బోయెను. ఆ మాట విన్నవాడు ఆతడొక్కడే. ఆతడును అచ్చట లేడు.

ఇంట నున్నది మాణిక్యమ్మ. ఆమె వీరలంకయ్య యన్నయైన సింహాద్రికి భార్య. ఆఱేండ్లక్రిందట సింహాద్రి యెక్కిన పడవ సముద్రమునుండి తిరిగి రాలేదు. నాటినుండి మఱది యామెను పెద్దదిక్కుగా నెంచి యింట నుంచుకొనెను. కూర యేమి వండవలెనన్నను వల యెప్పుడు కొనవలెనన్నను వదిన నడుగక చేయడు. వీరలంకయ్య భార్య పురిటికి పుట్టింటికి బోవునప్పుడు సైతము తాళపుచెవుల గుత్తి యామె చేతికే యిచ్చి పోయెను. ఇంత యాదరమునకు బదులుగా తానేమి చేయగలనని మాణిక్యమ్మ నిత్యము లోలోన బాధపడుచుండును. తోమిన గిన్నెనే మరల తోమును. ఊడ్చిన వాకిలినే మరల నూడ్చును. తక్కిన కాలమంతయు వసారాలో గూర్చుండి లేసు అల్లును. నరసాపురపు వర్తకులు ఆమె యల్లిన పూలను వేళ్లతో తడవి చూచి మఱిదేనిని చూడక తీసికొందురు. ఆ యుదయమున సైతము ఆమె మనస్సులో నున్నది యొక్కటే. తన మఱది కొఱకు వృద్ధుడైన పరాయివాడు వాకిట గూర్చుండి కష్టపడుచున్నాడు, తాను మాత్రము చేతులు ముడుచుకొని చూచుచున్నది.

ఇట్లుండగా ప్రక్కయింటి కోడి యొకటి పందిరిక్రిందికి వచ్చి కొబ్బరిచిప్పలో ముక్కు ముంచెను. మాణిక్యమ్మ "హుష్" అని దానిని దఱిమి చిప్పల దగ్గఱకు వచ్చి చూచెను. వెండివలె మెఱయుచున్న యంత సొగసైన సామాను మసిడీజిలులో కోళ్లపాలై పడియుండుట యామె కన్నులకు నచ్చలేదు. రెండు స్టీలుపళ్లెములు దెచ్చెను. ఒక్కొక్కదానిని దీసి శుభ్రమైన డీజిలులో కడిగి మెత్తనిగుడ్డతో నద్దెను. ఆ మీదట గృహిణులందఱు చేయు పనియే తానును చేసెను. గరిటెలు గరిటెలతో, గ్లాసులు గ్లాసులతో బెట్టు చేతి యలవాటున కడ్డీలన్నిటిని నొక పళ్లెమునను గొట్టములన్నిటిని నొక పళ్లెమునను వరుసగా బేర్చి తన లేసుగుడ్డ పైన గప్పి వసారాలో నెత్తైన బల్లపై నుంచి సంతుష్టితో చేతులు కడుగుకొనెను. ఆఱేండ్లలో ఆ యింటికి దానొక మంచిపని చేసితినని యామె కనిపించిన క్షణము అదియే యనవచ్చును.

పదిన్నరకు మేస్త్రి వాషర్లతో వచ్చి బోర్లించిన నాలుగు చిప్పలను జూచెను. వీరలంకయ్యయు నప్పుడే పీపాలు రేవున నెక్కించి వచ్చెను.

"మేస్త్రీగారూ, కోడి మూతి పెట్టిందండి. అందుకని అన్నీ శుభ్రంగా కడిగి లోపలెట్టానండి" అనుచు మాణిక్యమ్మ పళ్లెములు దెచ్చి గుడ్డ తొలగించెను.

మేస్త్రి పళ్లెముల వంక జూచెను. అద్దముల మీదుగా చూచు నా చూపును చూడలేదు. మెల్లగా చాపపై గూలబడెను.

"తల్లీ, ఏ జంట ఆ జంటేనమ్మా. దీనికి దాన్ని పెడితే ఇంజను కదలదు. కొత్తవాటి మీద గుర్తులుంటాయి. ఇవి పాతవి. గుర్తులన్నీ ఎప్పుడో అరిగిపోయాయి."

మాణిక్యమ్మ చేతిలోని గుడ్డ నేలబడెను. ఏ జంట ఆ జంటయే యను మాట యామె కొక్కమాఱు చాలును, రెండవమాఱు చెప్పవలసిన పని లేదు. తాను చేసినదేమో తెలిసినంతనే దీవిలోని గ్లాసుల కొలతయు రెండున్నర గంటల పోటును ఆమె కన్నులయెదుట నిలిచెను. "అయ్యో, ఎంత పని చేశాను" అని స్తంభమునకు జేరగిలబడెను.

వీరలంకయ్య యొకమాఱు సూర్యుని వైపు జూచెను. ఒకమాఱు పళ్లెముల వైపు జూచెను. నవ్వు దెచ్చుకొని, "పోనీలే వదినా, మా ఇంజన్ని కూడా వంటింట్లో కలిపేశావు. మిగిలిన నాలుగు బోల్టులూ పోపుల డబ్బాలో ఎట్టెయ్యి" అనెను. అట్టి గడియలో నట్టిమాట యనగలవాడు ఊరికొకడున్నను చాలును. మాణిక్యమ్మకు మఱింత దుఃఖము వచ్చెను గాని నిలువబడుటకు బలమును వచ్చెను.

మేస్త్రి గోధుమమచ్చ గల కడ్డీని అదే మచ్చ గల గొట్టమును కంటితో పోల్చి వేఱుచేసెను. ఒకజంట తేలెను. మూడు మిగిలెను. గొట్టమొకటి దీసికొని పైరంధ్రమును చూపుడువ్రేలితో మూసి క్రిందనుండి కడ్డీని చొప్పించి లాగి వదలెను. మరల చేసెను. మఱియొక కడ్డీతో జేసెను. నుదుట చెమట ధారగా గాఱుచుండెను. పావుగంట గడచెను. అప్పుడాయన గొట్టమును పళ్లెములో నుంచి తన రెండు చేతులను ఎవ్వరివో యనునట్లు చూచుకొనెను.

"లాభం లేదు వీరలంకయ్యా. నా వేళ్లకి తెలీటంలేదు. చక్కెరజబ్బు. రెండేళ్లయింది వేళ్లకొసలు చచ్చిపోయి. నట్టు పట్టుకున్నానో లేదో కూడా కళ్లతో చూసుకోవాల్సిందే. ఎవరికీ చెప్పలేదు. జంట విడదీయకుండా చిప్పల్లో వేసుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను."

నలువదియైదేండ్లుగా రేవులన్నిటను తలయెత్తుకొని తిరిగిన వృద్ధుడు ఆ మాట చెప్పి తలవంచెను. వీరలంకయ్య పరుగున వచ్చి గొట్టమును తాను దీసికొని చూచెను. కాయలు కాచిన యా వ్రేళ్లకు నేమియు దెలియలేదు. ఇరువురును ఒకరి చేతులు నొకరు చూచుకొనిరి.

అప్పుడు మాణిక్యమ్మ కన్నులు తుడుచుకొని ముందునకు వచ్చి చాపపై గూర్చుండెను.

"ఏం తెలియాలి మేస్త్రీగారూ వేలికి? నాకు సెప్పండి. కలిపేసింది నేను. విడదీసేదాకా నేను లేవను."

మేస్త్రి యామె చేతులవంక జూచెను. సన్నని పొడవైన వ్రేళ్లు. చూపుడువ్రేలి కొనపై లేసుసూది గ్రుచ్చిన చుక్కలు.

"వేలికి సూది గుచ్చుకుంటే ఏం చేస్తావమ్మా?"

"నోట్లో పెట్టుకుని రక్తం పీల్చేస్తానండి."

"అప్పుడు వేలిని లాగినట్టుంటుందే, అదే. పైకన్నం వేలితో మూసి కడ్డీని కాస్త కిందికి లాగు. సరైన జంటైతే నీ వేలిని లోపలికి లాగుద్ది. వదిలితే దానంతటదే పైకెళ్తుంది. కానిదైతే ఊరికే ఉంటుంది, లేకపోతే దూరనే దూరదు. బలం మాత్రం పెట్టకు."

మాణిక్యమ్మ కన్నులు మూసికొనెను. మొదటి గొట్టము, మొదటి కడ్డీ. ఏమియు లేదు. రెండవది సగము దూఱి నిలిచిపోయెను. మూడవదానిని లాగినంతనే యామె బొమలు ముడివడెను. "లాగుతోందండి" అని మెల్లగా ననెను. వదలగా కడ్డీ తనంతట దానే నిట్టూర్పు విడిచినట్లు మీదికి బోయెను. మేస్త్రి యా జంటను చిప్పలో వేసెను.

మిగిలిన రెండు జంటలు మాత్రము లొంగలేదు. అటువేసినను లాగుచున్నది, ఇటువేసినను లాగుచున్నది. అవి ఒకేచోట ఒకేచేతిమీద తయారైనవి కాబోలు. పదునొకండున్నర దాటెను. వీరలంకయ్య పందిరిబయట నిలిచి నీటిగుఱుతు చూచుచుండెను. పోటు పైకెక్కుచు గట్టునకు జానెడు దిగువకు వచ్చినది.

"రెండూ లాగుతున్నాయండి" అని మాణిక్యమ్మ యేడ్పుగొంతుతో ననెను.

"తొందరపడకు తల్లీ. లాగేటప్పుడు కడ్డీని కొంచెం కొంచెం తిప్పుతూ చూడు. చుట్టూ ఒకేలా ఉందా?"

ఆమె త్రిప్పెను. మరల త్రిప్పెను. లేసు అల్లునప్పుడు దారములో కంటి కగపడని ముడి యొకటి వచ్చినచో ఆమె వ్రేలు దానిని దాటి పోనీయదు. ఆ వ్రేలు ఇప్పుడు ఆగెను.

"ఇక్కడ దారం ముడిపడ్డట్టు తగులుతోందండి. ఒక్కచోటే. మిగతా చుట్టూ మెత్తగా ఉంది."

"అయితే అది కాదు. మార్చు."

మార్చెను. త్రిప్పెను. చుట్టును నొకేతీరు. ఆమె కన్నులు తెఱచినప్పుడు వానినుండి నీరు జలజల రాలెను. మేస్త్రి గొట్టము నందుకొని తాను మరల పరీక్షింపలేదు. పరీక్షించుటకు దన కాధారము లేదని యెఱిగియు నామె మాట చాలునని నమ్మెను. జీవితమంతయు మఱియొకరు బిగించిన బోల్టును తాను మరల బిగించి చూడక యుండని మనుష్యుడు ఆ నమ్మకమును ఒక్కక్షణమున నిచ్చివేసెను.

ఆపైన జరిగినదంతయు వేగముగా జరిగెను. పంపు కూర్చబడెను. రాగివాషర్లు బిగింపబడెను. వీరలంకయ్య దానిని నావలోనికి గొనిపోగా మేస్త్రి గీతకు గీత కలిపి బోల్టులు వేసెను. మాణిక్యమ్మ గట్టున గూర్చుండి నట్టులందించెను. అనంతరము గొట్టములలోని గాలి తీయవలసి యుండెను. నట్టు కొంచెము వదలి పంపు మీట కొట్టుచుండగా తొలుత నురుగు వచ్చెను. పిదప బుడగలు వచ్చెను. పిదప బుడగలు తగ్గి నిర్మలమైన డీజిలు దారము త్రెగక కాఱెను. ఒంటిగంట ముప్పావునకు వీరలంకయ్య హ్యాండిలు పట్టి త్రిప్పెను. ఇంజను మూడుమాఱులు దగ్గెను. నాలుగవమాఱు పళ్లు కొఱికి త్రిప్పగా నల్లపొగ యొకటి చిమ్మి గడగడ మ్రోగుచు రేవంతయు వినబడునట్లు నడచెను.

మేస్త్రి అఱచేతిని పంపుపై నుంచి యొకనిమేషము నిలిచెను. నాలుగు జంటలు వరుస తప్పక కొట్టుచున్నవి. "అల్లా దయ" అనెను. పిదప గట్టువైపు తిరిగి, "వదినమ్మగారు కూడా రావాలి. దారిలో ఏ జంటైనా మళ్లీ పట్టేస్తే నా దగ్గర వేళ్లు లేవు" అనెను.

ఆఱేండ్లుగా మాణిక్యమ్మ పడవ యెక్కలేదు. రేవువఱకు వచ్చును, నీటిని ముట్టదు. ఎవ్వరును ఆమెను రమ్మని యడుగలేదు, అడుగుటకు ధైర్యము లేక. ఇప్పుడు కాలేషా మేస్త్రి అడిగినది దయ తలచి కాదు, ఓదార్చుటకును గాదు. పని యున్నది గావున నడిగెను. ఆమె చీరకొంగు బొడ్డున దోపి వీరలంకయ్య చాచిన చేతిని బట్టి నావలోనికి దిగెను. భయము వేయలేదా యని తరువాత నెవ్వరో యడుగగా, "ఏసింది. కానీ నన్ను పిలిచారు కదా" అని చెప్పెనట.

నలువది పీపాల బరువుతో చెంచులక్ష్మి నిశ్చలజలములను జీల్చుకొని నదీముఖము దాటి పాయలో బ్రవేశించెను. రెండున్నరకు నిండిన పోటు ఇంకను దిగనారంభింపలేదు. ఒకచోట అడుగుబల్ల యిసుకను రాచుకొనిన చప్పుడు వినబడెను. ఇంజను వెనుదీయలేదు. నావ మెల్లగా గీచుకొని లోతునీటిలోనికి జాఱెను.

మొగలిదిబ్బ రేవున దీవిలోని యాడువారందఱును బిందెలతో నిలిచియుండిరి. ఇంజను మ్రోత వినినప్పుడే నీరు వచ్చుచున్నదని వారికి తెలిసిపోయినది. నావ గట్టును జేరినంతనే యొక పెద్దమనిషి వీరలంకయ్య చేతులు పట్టుకొని, "నీ రుణం తీర్చుకోలేం బాబూ" అనెను.

"నాదేం లేదు మావా. అంతా కాలేషా మేస్త్రీగారి చలవ" అని వీరలంకయ్య ప్రక్కకు తొలగెను.

"నాదేం కాదు. నా చేతులతో కాలేదు ఈ పని. ఈ తల్లి చేతులతో అయింది" అని మేస్త్రి మాణిక్యమ్మను జూపెను.

"బాబోయ్, నేనండీ! పాడుచేసిందే నేను. మేస్త్రీగారు కోపం చేసుకోకుండా నేర్పబట్టి బాగయింది" అని మాణిక్యమ్మ వీరలంకయ్య వెనుకకు నక్కెను.

ఆ విధముగా కృతజ్ఞత యొకరి చేతినుండి యొకరి చేతికి బోయి యెవ్వరికడను నిలువక తిరుగుచుండగా అప్పాయమ్మ యను నెనుబదియేండ్ల ముసలిది విసిగి ముందునకు వచ్చెను. దీవిలో నామె మాటకు ఎదురులేదు. చేత నొక యల్యూమినియము గ్లాసు కలదు.

"మీ మర్యాదలు తర్వాత సూసుకుందురు గానీ, ఎండన పడొచ్చారు. ముందు మీరు తాగండి" అని మొదటి పీపా మూత తీయించి గ్లాసు ముంచి వీరలంకయ్యకు ఇచ్చెను. దప్పిగొన్న ముప్పదిరెండిండ్లవారు బిందెలు క్రింద బెట్టి నిలిచి చూచుచుండిరి. ఒక్కరును ముందునకు రాలేదు. వీరలంకయ్య త్రాగెను. మేస్త్రి రెండుచేతులతో బట్టుకొని త్రాగెను. మాణిక్యమ్మ త్రాగెను. అది ప్రతిదినము తాను కుళాయివద్ద బిందెకు బట్టెడి నీరే. అయినను కంఠము దిగుచున్నప్పుడు ఆమె కేడ్పు వచ్చెను. తన్ను ఈ లోకమున నింకను ఉంచినందులకు ఎవ్వరికి చెప్పుకొనవలెనో తెలియక అందఱికిని మనస్సులో చేతులు మోడ్చెను.

ఆమె గ్లాసును మరల నింపి అప్పాయమ్మ కందిచ్చెను. ముసలిది వలదనలేదు. గ్లాసు నందుకొని యెత్తి పట్టి నడుమ నొక్కమాఱైన నాపక త్రాగ మొదలిడెను. గొంతు మీదికి క్రిందికి నాడుచుండెను. నీరు గడ్డముపైనుండి కాఱి చీరను దడుపుచుండెను. ప్రక్కనున్న కోడలు మాణిక్యమ్మతో,

"నిన్నట్నించీ సుక్క ముట్టలేదమ్మా. తన వంతు కూడా పిల్లలకే పోసేసింది" అనెను.

గ్లాసు ఖాళీయైనను అప్పాయమ్మ చేతులు దానిని వదలలేదు. మాణిక్యమ్మ ఆ చేతుల క్రింద దన చేతులుంచి గ్లాసును రెండవమాఱు నింపి ముసలిదాని నోటికడ బట్టెను.